చప్పుడు లేని జోడు

ఇంత తేలిగ్గా ఉండకూడదు, అనుకున్నాడు ఢిల్లీశ్వరరావు, అరుగు మీద కూర్చుని కుడికాలి జోడును అరచేతిలో పైకీ కిందికీ ఆడిస్తూ. తక్కెడ అక్కర్లేని చెయ్యి అది. చింతపండు ముద్ద ఒకటి అందులో పెడితే తేమ ఎంత, గింజ ఎంత, మధ్యలో దాచిన మన్ను ఎంత అని చెప్పగల చెయ్యి. అలాంటి చేతికి ఈ జోడు ఉన్నట్టే తెలియడం లేదు. బరువు లేదంటే లోపల ఏదో తగ్గించి ఉంటారు, తగ్గించినది కనబడకూడదనే పైన ఇన్ని రంగులు వేసి ఉంటారు. నీలం మీద నారింజ గీత. మనవరాలున్న మనిషి కాలికి నారింజ గీత ఎందుకు? మడమ దగ్గర బొటనవేలితో నొక్కితే సొట్ట పడింది, వేలు తియ్యగానే ఏమీ జరగనట్టు మళ్లీ పొంగింది. ఇలాంటి మనుషులు బజార్లో ఉన్నారు, ఎంత నొక్కినా నొచ్చుకోరు, నవ్వుతూనే ఉంటారు, వాళ్లతో బేరం సాయంత్రానికి కూడా తేలదు. వాసన చూశాడు. కొత్త రబ్బరు, జిగురు, ఇంకేదో తియ్యటి వాసన. అట్టపెట్టె మీద ధర కాగితాన్ని గోటితో గీకేశారు. ఎక్కువ పెట్టి కొన్నవాడూ గీకుతాడు, తక్కువ పెట్టి కొన్నవాడూ గీకుతాడు. కిషోర్ ఇందులో ఏ రకమో, కన్న తండ్రికి ఇప్పటికీ తేలలేదు.

కొడుకు తెచ్చాడు, అదే అసలు సంగతి. డాక్టరు నడవమన్న మాట నిజమే. ఒంట్లో చక్కెర ఉన్న మాట నిజమే. మెట్లెక్కితే మోకాళ్లు మూలుగుతున్న మాటా నిజమే. నాలుగు బస్తాలు మంచి సరుకు ముందు పేర్చి వెనకాల పుచ్చు సరుకు పెట్టడం ఎంత తేలికో బజారులో పుట్టినవాడికి ఒకరు చెప్పాలా? వెనకాల బస్తా ఏదో, పెట్టె చేతికిస్తూ కిషోర్ అన్న మాటలోనే ఉంది. "రోజూ పొద్దున్నే నడు నాన్నా. ఏడున్నర దాకా కొట్టు కేసి రాకు. నాను తెరుస్తాను." ఏడున్నర దాకా. వాడు ఎనిమిది అనలేదు, ఏడు అనలేదు, ముందే కొలిచి పెట్టుకున్నట్టు ఏడున్నర అన్నాడు. కొట్టు తెరిచేది ఆరున్నరకి. ఆ మధ్య గంటలో, తను కూర్చునే గద్దె మీద తను లేనప్పుడు, బడాబజారులో ఏం జరగాలి? పోయిన దసరాకే వాడు నోరు జారాడు, ఈ గద్దె తీసేసి అద్దాల కౌంటరు పెట్టి తిరిగే కుర్చీ వేసుకుందాం అని. ఆ మాటకి తను జవాబు చెప్పలేదు. జవాబు రాని బేరం తెగిపోయిందని తను అనుకున్నాడు, నిలబడే ఉందని వాడనుకున్నట్టున్నాడు.

తాళ్లు. ఈ తాళ్లొకటి. కోడలు హైమ నిన్న సాయంత్రం రెండు చెవుల ముడి నేర్పింది, కుందేలు చెవుల్లాగ అని నవ్వింది కూడా. రాత్రికే మరిచిపోయాడు. పుట్టి బుద్ధెరిగాక కాలికి తాడు కట్టుకున్నవాడు కాడు. చేతులకి తెలిసిన ముడి ఒకటే, బస్తా మూతికి వేసేది. కందమాల కొండల్లోంచి బరంపురం దాకా లారీ ఎగిరెగిరి పడినా ఊడని ముడి. అదే వేశాడు, రెండు కాళ్లకీ, పళ్లబిగువున లాగి. లేచి నిలబడ్డాడు. నేల ఉన్నచోట లేదు. ఏదో పరుపు మీద నిలబెట్టి, ఇదే నేల అని ఎవరో నమ్మిస్తున్నట్టుంది. పోల్చి చూద్దామని పాత చెప్పుల కోసం గుమ్మం పక్కకి చూశాడు. చెప్పులు లేవు.

"నా సెప్పులేవే?"

"బూట్లున్నాయి కదండీ, మళ్లీ సెప్పులెందుకు?" వంటింట్లోంచి సత్యభామ.

"ఎందుకో తరవాత. ఏవి?"

"నాను సూడనేదు. తెల్లారగట్ల కిషోరు సంచిలో ఏటో పెట్టుకెళ్లాడు. బేగి నడిచొచ్చీండి, ఇడ్లీలు సల్లారిపోతాయి."

సంచిలో పెట్టుకెళ్లాడు. వీధిలోకి దిగాక ఆ మాట కాళ్లకంటే ముందు నడుస్తోంది. అవి ఉట్టి చెప్పులు కావు. తోలు పైన, లారీ టైరు కింద, అరిగినప్పుడల్లా కొత్త టైరు ముక్క కొట్టించుకుంటూ వచ్చిన జోడు. గద్దె కింద రాతి మెట్టు మీద, వేళ్లు వీధి వైపు పెట్టి, వాటిని విప్పి తను పైకెక్కి మఠం వేసుకుంటే బజారంతటికీ ఒక కబురు అందినట్టు. చెప్పులున్నాయంటే ఢిల్లీ సావుకారు ఉన్నట్టు. ఢిల్లీ మొహం ఎన్నడూ చూడని తనకి ఆ పేరు ఖాయమైపోయినట్టే, ఆ మెట్టు మీద ఆ చోటు ఆ చెప్పులకి ఖాయమైపోయింది. కూలీలు బీడీ ఆర్పేది ఆ చెప్పులు చూసి. బేరగాళ్లు గొంతు తగ్గించేది ఆ చెప్పులు చూసి. పాత చెప్పులు శనివారం గుడి ముందు వదిలేస్తే పట్టిన శని వదులుతుందంటారు. ఇవాళ బుధవారం. అయినా వదిలించుకోవాలనుకున్నవాడికి వారమేమిటి? గద్దె ఎక్కేవాడు ఉత్తకాళ్లతో ఎక్కాలి, బూట్లవాడు కింద నిలబడి సరుకు చూసుకుని పోవాలి, అది కొట్టు మర్యాద. చెప్పులు మాయం చేసి కాళ్లకి తాళ్ల బూట్లు బిగించారంటే, సొంత కొట్లో తనని బేరానికొచ్చినవాణ్ని చేసినట్టే కదా. ఎంత నాజూగ్గా చేశాడు! ఒక్క మాట అనకుండా, పైగా బహుమతి అని పేరు పెట్టి. కోపం వచ్చింది, ఆ కోపం పక్కనే చిన్న మెప్పు కూడా తలెత్తింది. దాన్ని వెంటనే నొక్కేశాడు.

లంజిపల్లి వీధి ఇంకా పూర్తిగా లేవలేదు. ఎవరో కళ్లాపి చల్లుతున్నారు, ఆటో ఒకటి చలికి దగ్గినట్టు దగ్గి ఆగిపోయింది. ఏదో తక్కువగా ఉంది, ఏమిటది అని రెండు ఇళ్లు దాటేదాకా తెలియలేదు. చప్పుడు. తన చప్పుడు లేదు. టైరు చెప్పులు టపటపలాడుతూ తనకంటే ముందు వీధి మలుపు తిరిగేవి. ఇంటికొస్తుంటే ఆ చప్పుడుకే సత్యభామ పొయ్యి మీద ఎసరు పెట్టేది, కొట్టుకెళ్తుంటే ఆ చప్పుడుకే గోనెల మీద కునుకుతీసే ముఠా కూలీలు లేచి తువ్వాళ్లు దులుపుకునేవారు. ఇన్నేళ్లూ తను వస్తున్నానని చాటింపు వేయించుకుంటూ నడిచాడన్నమాట. అంటే తను వెళ్లేసరికి ప్రతిచోటా అందరూ సర్దుకునే ఉన్నారు. సర్దుకోకముందు లోకం ఎలా ఉంటుందో ఎన్నడూ చూడలేదు. ఈ ఆలోచన ఒంట్లోకి చల్లగా దిగింది. గోడ మీద పిల్లి తనని చూసి బెదరలేదు కూడా, వాసన చూసేపాటి మనిషి కాదనుకున్నట్టు మొహం తిప్పుకుంది. మోకాళ్లు నొప్పి పెట్టడం లేదు. అదీ అనుమానమే. ఇన్నాళ్ల నొప్పి ఎక్కడికి పోతుంది? ఎక్కడో దాక్కుని ఉంటుంది, సమయం చూసి అంతకంత చేసి వసూలు చేసుకుంటుంది. పైగా ఈ జోడు ప్రతి అడుగుకీ వెనకనుంచి కొంచెం తోస్తోంది. నడిచేవాణ్ని తోసే జోడేమిటి? కొట్టుకి దూరంగా తోస్తోందంటే దీనికీ వాడికీ ముందే ఒప్పందం అయినట్టు.

ఓవర్ బ్రిడ్జి కింద మలుపులో, ముందు ఇద్దరు నడుస్తున్నారు. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన లక్ష్మణరావు, పక్కన భార్య పద్మిని. ఏళ్ల తరబడి ఇరుగుపొరుగు. పలకరిద్దామని నోరు తెరవబోయి, వాళ్ల మాట చెవిన పడి ఆగాడు.

"సావుకారు కొట్టుకెల్లడట రేపటేల నుంచి," అంటోంది పద్మిని.

"రేపేటి, ఇవాళే. కూకోబెట్టీసేరు."

"అయ్యో. ఒంట్లో బాగోనేదా?"

"ఏటీ నేదు. నాకు రైల్వే కాయితం ఇచ్చింది, ఆయనకి కొడుకు బూట్లిచ్చాడు. అంతే తేడా."

చెప్పులతో వచ్చి ఉంటే ఈ మాట పుట్టేదే కాదు, ఈపాటికి చింతపండు ధర గురించి మాట్లాడుతూ ఉండేవారు. ఇన్నేళ్లలో ఇలాంటివి ఎన్ని మాటలు తన చెప్పుల చప్పుడు విని నోట్లోకే తిరిగి వెళ్లిపోయి ఉంటాయి? దగ్గాడు.

లక్ష్మణరావు గుండె పట్టుకుని తిరిగాడు. "ఓరి నాయనో! సావుకారూ, నువ్వా? పిల్లిలాగ ఎనకాలొచ్చీసేవేటి! ఆ బూట్లేటి బాబూ, పోలీసు సెలక్షనుకా?"

"నేదు. రైల్వేలో గార్డు పోస్టు కాళీగా ఉందంటే, పరిగెట్టుకెల్దామని."

పద్మిని కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. లక్ష్మణరావు కూడా నవ్వి, తన పక్కకి లాక్కున్నాడు. "రా రా. గ్రౌండుకే కదా నడక. నిన్ను ఏడున్నరకి ముందు ఒగ్గొద్దని మీ కిషోరు నిన్న మరీ మరీ సెప్పాడు. టీ కూడా పట్టించమన్నాడు."

మళ్లీ ఏడున్నర. కాపలా కూడా పెట్టాడు. పక్కింటివాణ్ని, టీ ఆశ చూపించి. ఒక గంట కోసం ఇంత ఏర్పాటు చేసినవాడు ఆ గంటలో ఎంత పని పెట్టుకున్నాడో. ఢిల్లీశ్వరరావుకి కళ్ల ముందు గద్దె కనిపించింది. తెల్ల దుప్పటి చుట్టేసి మూలకి నిలబెట్టారు, పరుపు వీధిలో పడేశారు, వడ్రంగి ఎవడో టేపు పట్టుకుని కొలుస్తున్నాడు, తన వీపు ఆని ఆని నల్లబడ్డ గోడ మీద అద్దాల బీరువా రాబోతోంది. చప్పున ఒంగాడు. "బూట్లో రాయి దూరింది. మీరు నడుస్తుండండి, వచ్చీస్తాను." వాళ్లు ముందుకెళ్లారు. లేచి, గ్రౌండు వైపు వీపు తిప్పి, బజారు దారి పట్టాడు. జోడు ఇటు కూడా అంతే హుషారుగా తోసింది. సరే, దీనికి పక్షపాతం లేదు, ఎవరు తొడుక్కుంటే వారి పనే చేస్తుందన్నమాట. ఆ ఒక్క విషయంలో దాన్ని మెచ్చుకోవచ్చు.

బజారు దగ్గరపడుతుంటే వాసనలు ఒక్కొక్కటే ఎదురొచ్చాయి. ముందు మురుగు, తరవాత వేయించిన శనగలు, ఆపైన పసుపు, అన్నిటి అడుగున తమ వీధి పులుపు. ఆ పులుపు ముక్కుకి తగిలితే చాలు, అతను మళ్లీ చిన్న పిల్లాడైపోయి నాన్న గద్దె పక్కన గోనె మీద కూర్చుంటాడు. ఆ రోజు కూడా పొద్దున్నే. కుండలమ్ముకునే ఆవిడ ఒకత్తి వచ్చి, ఇంకా ఎవరూ రాకముందే, గుప్పెడు చింతపండు అడిగింది. బోణీ బాబూ, ఇంతకియ్యి, అని చిల్లర చాపింది. పొద్దున మొదటి బేరం అది, కాదనకూడదు. నాన్న ఎందుకో చిరాగ్గా ఉండి పొమ్మన్నాడు. ఆవిడ చిల్లర కొంగున కట్టుకుని వెళ్లిపోయింది. మధ్యాహ్నానికి సముద్రం వైపునుంచి గాలి లేచింది. రేకులు లేచిపోయాయి. గిడ్డంగిలో సరుకంతా తడిసి, కరిగి, నల్లటి చారులాగ గుమ్మం దాటి, మెట్టు దిగి, బజారు కాలవలో పడి పారింది. నాన్న అలా చూస్తూ నిలబడిపోయాడు. వీధిలోవాళ్లు గిన్నెలు పట్టుకొచ్చి ముంచుకున్నారు. ఆ నాటినుంచి ఆ కొట్లో బోణీ బేరం తిరిగిపోలేదు. నాన్న తిప్పలేదు, తను తిప్పలేదు. మొదట వచ్చినవాడు ఎంతంటే అంత. మిగిలిన రోజంతా గీసి గీసి బేరమాడొచ్చు, కానీ ఆ ఒక్కడి ముందు తను అడిగింది కాదనని మేనమామే.

ఆ ఒక్కడు ఎక్కువ రోజులు ఘనశ్యామ పాత్రోయే. దిగపహండిలో కొట్టు, మొదటి బస్సుకి దిగుతాడు, చేతిలో మడత సంచులు. మీ మొహం చూడందే నా రోజు నడవదు సావుకారె, అంటాడు. ఆ మాట తనకి ఇష్టం. దాచుకోవడం ఎందుకు, చాలా ఇష్టం. మనిషి మీద అంత నమ్మకం పెట్టుకుని ప్రతి రోజూ బస్సెక్కి వచ్చేవాడు ఇంకొకడున్నాడా ఈ బజార్లో? కిషోర్‌కి పాత్రో అంటే పడదు, ఏదో ఒకటి అంటూనే ఉంటాడు. ఆయన్ని ఒకసారి పది గంటలకి రమ్మను నాన్నా, ఎలా మాట్లాడతాడో సూద్దాం, అన్నాడొకసారి. పాత మనుషుల విలువ నీకు తెలియదని కొట్టిపారేశాడు. ఇప్పుడు గద్దె పోతే పాత్రోకి ఎవరు మర్యాద చేస్తారు?

కొట్టు ఎదురుగా అరటిగెలల బండి. దాని వెనక ఆగి, గెలల సందులోంచి చూశాడు. గద్దె ఉంది. తెల్ల దుప్పటి ఉంది, నిన్నటి మడతతోనే. వడ్రంగి లేడు, టేపు లేదు. గద్దె ఖాళీగా ఉంది, కిషోర్ దాని అంచున, కాళ్లు కిందికి వేలాడేసి, సగం కూర్చుని సగం నిలబడ్డట్టు ఉన్నాడు. కింద రాతి మెట్టు మీద తన చెప్పులున్నాయి. పారెయ్యలేదు. గుడి ముందు వదల్లేదు. తను పెట్టినట్టే, వేళ్లు వీధి వైపు, ఎడమది కుడిదానికంటే వేలెడు ముందుకి. ఎడమది ముందుకి ఉంటుందని వాడెప్పుడు గమనించాడు? చెప్పులు అక్కడుంటే తను అక్కడ ఉన్నట్టు. మరి ఇక్కడ అరటిగెలల వెనక నారింజ గీతల బూట్లలో నిలబడ్డ ఈ మనిషి ఎవరు? ఒక్క క్షణం నిజంగానే తేలలేదు. బండివాడు కూడా తనని చూసి, ఏ గెల కావాలి బాబూ అన్నట్టు కళ్లెగరేశాడే గానీ నమస్కారం పెట్టలేదు. అప్పుడు బస్సు దిగిన జనంలోంచి పాత్రో వచ్చాడు, మడత సంచులతో. మెట్టు దగ్గర ఆగాడు. చెప్పుల్ని చూశాడు. వాటికి, ఉత్త చెప్పులకి, రోజూ తనకి వంచినట్టే తల వంచి దణ్ణం పెట్టాడు.

ఇంక ఆగలేకపోయాడు. వెనక సందు గుండా గిడ్డంగి తలుపు ఉంది, దాని తాళంచెవి మొలతాడుకే ఉంది, అది ఎవరూ తియ్యలేదు. పరిగెత్తాడు. ఆఖరుసారి ఎప్పుడు పరిగెత్తాడో గుర్తులేదు. జోడు దానికోసమే పుట్టినట్టు అతన్ని ఎత్తి ఎత్తి వేసింది, సందులో కోళ్లు కూడా పక్కకి తప్పుకోలేదు, అంత మెత్తగా వెళ్లాడు. తాళం తీసి లోపలికి దూరాడు. చీకటి, పులుపు, తాతలనాటి చల్లదనం. గిడ్డంగిలోకి పాదరక్షలతో అడుగుపెట్టిన మనిషి తనకి తెలిసి లేడు. ఒంగి తాడు లాగాడు. రాలేదు. బస్తా ముడి. కత్తి ఉంటే తప్ప విప్పలేనంత గట్టిగా తనే వేసుకున్న ముడి. లెంపలు వేసుకుని, చింతపండు బస్తాల మధ్య బూట్లతోనే నిలబడి, గోనె తెర అవతలి మాటలు వినసాగాడు.

"సావుకారె నాహాంతి కి?" పాత్రో గొంతు. సావుకారు లేరా అని.

"ఎందుకు నేరు? లోపల పూజలో ఉన్నారు. సెప్పులు కనబడ్డం నేదా?"

"హఉ, హఉ. చూశాను, మొక్కాను కూడా. మరి దర కేతే ఇవాళ?"

కిషోర్ ధర చెప్పాడు. పాత్రో నాలుక చప్పరించాడు. తన ధర తను అన్నాడు, అందులో సగానికి కొంచెం పైన.

"కుదరదు పాత్రో బాబూ. నాన్నగారు సెప్పిన రేటే అది. ఇప్పుడే అడిగొచ్చాను."

పాత్రో నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు, ఇంట్లో మనిషి నవ్వినట్టు నవ్వాడు. "అబద్ధం ఆడకు పిల్లాడా. ఢిల్లీ సావుకారు బోణీ కాదనడం నేను పుట్టి ఎరగను. ఆయన దేవుడు. మరి నేను మొదటి బస్సుకి నిద్ర చెడగొట్టుకుని ఎందుకొస్తాననుకున్నావు? చింతపండు దిగపహండిలో దొరక్కనా?"

బస్తాల మధ్య చీకటి ఒక్కసారి దగ్గరికి జరిగినట్టయింది. మీ మొహం చూడందే నా రోజు నడవదు. నడవదు మరి. ఆ మొహం ఉంటే సరుకు సగం ధరకే. ఇన్ని ఉదయాలు. ఎన్నని లెక్కకట్టబోయి, చెయ్యి పొయ్యిలో పెట్టబోయినవాడిలా వెనక్కి తీసుకున్నాడు. బజారులో ఎంతమందికి తెలుసు ఇది? తోటి వర్తకులకి తెలుసా, కూలీలకి తెలుసా, అరటిపళ్లవాడికి తెలుసా? అందరికీ తెలిసే ఉంటుంది, చప్పుడు విని సర్దుకుని ఉంటారు. కొడుకుకి తెలుసు. తెలిసి, తండ్రిని నువ్వు మోసపోతున్నావని పదిమందిలో అనలేక, ఒక జోడు కొని ఒక గంట పక్కకి తప్పించాడు. అదేనా? లేక అదీ ముందు వరస బస్తాయేనా? ఇవాళ బోణీ గంట, రేపు మధ్యాహ్నం, ఎల్లుండి గద్దె. రెండూ నిజం కావచ్చు. ఒకే సంచిలో రెండు సరుకులు రావడం తను చూడనిదా.

"సావుకారిని పిలు," అంటున్నాడు పాత్రో. "ఆయన నోటితో కాదంటే నేను మారు మాటాడను."

"పూజలో ఉన్నారన్నాను కదా."

"సరే. కూర్చుంటాను."

కిషోర్ తక్కెడ పళ్లెం తుడుస్తున్న చప్పుడు, తుడిచిందే మళ్లీ తుడుస్తున్న చప్పుడు. వాడి దగ్గర సరుకు అయిపోయింది. ఇంక చెప్పులు తప్ప ఏమీ లేవు, చెప్పులు మాట్లాడవు. ఇప్పుడు తను తెర తీసుకుని బయటికెళితే చాలు. రా పాత్రో, అని పిలిచి, అడిగిన ధరకి తూయిస్తే చాలు. గద్దె తనదే, బోణీ నిలుస్తుంది, ఏడున్నర ఒప్పందం మొదటి రోజే చిత్తు. కొడుకు అబద్ధాలకోరుగా బజారులో నిలబడతాడు. ఇంకెప్పుడూ వాడి నోట్లోంచి వచ్చిన ధరని ఎవరూ ఖాతరు చెయ్యరు. తను ఉన్నంతకాలం తను, తరవాత ఎవరూ లేరు. లేదా, బోణీ కాదని వాడి మాట నిలబెట్టాలి. తలెత్తి పైకి చూశాడు. రేకులు. నాన్న మళ్లీ వేయించిన రేకులు, ఒక చిల్లులోంచి వెలుతురు పుల్లలాగ దిగుతోంది. కుండలావిడ కొంగున చిల్లర కట్టుకుంటోంది. నల్లటి చారు మెట్టు దిగుతోంది. గొంతు సవరించుకున్నాడు, రోజూ పూజ అయ్యాక సవరించుకునే లాగే, రెండుసార్లు.

"పాత్రో!" అన్నాడు చీకట్లోంచి. "కిషోరు సెప్పిందే రేటు."

అవతల ఏదో కింద పడింది. కిషోర్ ఫోను అయ్యుంటుంది. తరవాత పాత్రో లేచిన చప్పుడు, సంచులు దులుపుకున్న చప్పుడు. "హఉ సావుకారె," అన్నాడు చివరికి, గొంతులో ఇంట్లోమనిషి లేడు. "వస్తాను." అడుగులు మెట్టు దిగి వీధిలో కలిసిపోయాయి. బోణీ తిరిగిపోయింది. రేకుల మీద చినుకేమైనా పడుతుందా అని విన్నాడు. కాకి ఒకటి అటూ ఇటూ నడిచింది, అంతే.

తెర తీసి కిషోర్ వచ్చాడు. "నాన్నా! నువ్వా? నిజంగా నువ్వేనా? ఎప్పుడొచ్చేవు?"

"మరెవరనుకున్నావు, నువ్వెట్టిన సెప్పులు పలికేయనుకున్నావా?"

వాడి చూపు కిందికి దిగి బూట్ల దగ్గర ఆగింది. "గిడ్డంగిలో... బూట్లతో..."

"ముడి రానేదు."

కిషోర్ మోకాళ్ల మీద కూర్చుని తాడు పట్టుకుని చూశాడు. "ఇది బస్తా ముడి నాన్నా! బూట్లకి ఎవరైనా బస్తా ముడి ఏస్తారా?" నవ్వబోయి, నవ్వొచ్చో లేదో తెలియక ఆపేశాడు.

"ఉండనీ, తియ్యకు." కాలు వెనక్కి లాక్కున్నాడు. "నన్ను తప్పించడానికి ఇంత పెట్టుబడి దేనికిరా? నోటితో సెప్తే పోయేది కదా."

"నోటితో సెప్పనేదా? ఎన్నిసార్లు సెప్పాను, పాత్రో నీ బోణీని తినేస్తున్నాడని. పాత మనుషుల ఇలువ నీకు తెలీదన్నావు." వాడి గొంతు పిల్లవాడి గొంతులా పైకి పోయింది, మళ్లీ కిందికి తెచ్చుకున్నాడు. "నువ్వెదురుగా ఉంటే నువ్వు కాదనలేవు. నువ్వు నేవంటే వాళ్లు నా మాట ఇనరు. ఏటి సెయ్యమంటావు? అందుకే సెప్పులు..."

"గద్దె సంగతి?"

"ఏ గద్దె?"

నిజంగా మరిచిపోయిన మొహమా, మరిచిపోయినట్టు పెట్టిన మొహమా? గిడ్డంగిలో వెలుతురు చాలదు. పగటిపూట చూడాలి. "ఎల్లు, ముందర ఎవరూ నేరు," అన్నాడు. "సెప్పులు అక్కడే ఉండనీ. ఎడమది ఇంకో గింజ ముందుకి జరుపు."

కిషోర్ ముందుకి వెళ్లాడు. ఢిల్లీశ్వరరావు బస్తాలన్నీ ఒక్కొక్కటే తడిమి చూసుకుని, తరవాత వెనక తలుపు తీసుకుని సందులోకి వచ్చేశాడు. వెళ్తున్నానని చెప్పలేదు, చెప్పడానికి చప్పుడు లేదు. ఉన్నాడో లేడో తెలియని మనిషి. ఇది మంచి సరుకే. రేపు ఏ గోడ వెనకనుంచైనా వినొచ్చు, ఎల్లుండి వినకపోయినా వింటున్నాడేమోనని వాళ్లు అనుకుంటారు. ఇందులో తనకేం పోయిందో, తనకేం మిగిలిందో ఇంకా తేలలేదు. పోయింది మాత్రం చేతికి తగులుతోంది, ఒక మనిషి రోజూ పొద్దున తన మొహం కోసమే వస్తాడన్న నమ్మకం, అది మంచి బరువుగానే ఉండేది. తలుపు దగ్గరికి వేస్తూండగా కొట్లోంచి పాత్రో గొంతు మళ్లీ వినిపించింది. బజారంతా ఒక చుట్టు తిరిగి, ధర అన్నిచోట్లా అంతేనని తేలి, తిరిగొచ్చినట్టున్నాడు. వెంటనే కిషోర్ గొంతు, గిడ్డంగి వైపు తిరిగి, గట్టిగా:

"నాన్నా! పాత్రో బాబు మళ్లీ వచ్చారు. కొంచెం తగ్గించమంటున్నారు. ఏటి సెప్పమంటావు?"

తలుపు మీద చెయ్యి అలాగే ఉండిపోయింది. తను లోపలున్నాడనుకుని నిజంగా అడుగుతున్నాడా? లేడని తెలిసి పాత్రో వినాలని అడుగుతున్నాడా? గొంతులో తేడా పట్టుకుందామని చెవి తలుపుకి ఆనించాడు. తన చేతికి దొరకని తేమ లేదనుకున్నాడు ఇన్నాళ్లూ. ఇది దొరకలేదు. పలికితే తెలిసిపోతుంది. పలకలేదు.

తరవాత కిషోర్ మాట వినిపించింది, తొందర లేకుండా, కాలు మీద కాలు వేసుకున్నవాడిలా.

"పలకనేదంటే మాట మారనేదని, పాత్రో బాబూ. ఎన్ని బస్తాలు?"

ఢిల్లీశ్వరరావు తలుపు వేసి, తాళం బిగించి, తాళంచెవి మొలతాడుకి దోపుకున్నాడు. ఆకాశంలో మబ్బు లేదు. గ్రౌండు దగ్గర లక్ష్మణరావు టీ చల్లారబెట్టుకుని దారి చూస్తుంటాడు, ఏడున్నర ఇంకా కాలేదు. సందులోంచి నడిచాడు, కోళ్ల మధ్యనుంచి, ఒక్కటీ బెదరకుండా. మోకాళ్లు ఇంకా నొప్పి పెట్టడం లేదు. ఆ ఒక్కటీ మాత్రం అతనికి ఏమాత్రం నమ్మకం కుదరలేదు.